సేనను నడపని జనరల్‌కు నోబెల్ శాంతి బహుమతి ఎందుకు? జార్జ్ మార్షల్ గురించి ఒక మాజీ సైనికుడి సమాధానం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెబుతాను. అమెరికా జనరల్ జార్జ్ మార్షల్ రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఒక్క డివిజన్‌నైనా (వేలమంది సైనికులుండే దళం) ముందుండి నడపలేదు, ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదు. అయినా ఆయన్ని గొప్ప సైనికుడనీ, అంతకన్నా గొప్ప రాజనీతిజ్ఞుడనీ అంటారు, పైగా నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఇది సమంజసమేనా? మన దేశంలో రిటైరైన సైన్యాధికారులు రాజకీయాల్లోకి వస్తే అలాంటి మేలే జరుగుతుందా? మీరు అడిగింది ఇదే కదా.

సమంజసమే. మార్షల్‌ను రాజనీతిజ్ఞుడిగా తయారుచేసింది స్టాఫ్ ఆఫీసరుగా, అంటే సేనాని వెనక ఉండి ప్రణాళికలు, లెక్కలు చూసే అధికారిగా, ఆయన గడిపిన ఏళ్లు. ఎవరికి ఏది ఎంత కావాలి, ఎప్పటికి చేరాలి అని లెక్క కట్టడం ఒక అలవాటు. పై అధికారికి నిజం మొహం మీదే చెప్పి, ఆయన వేరే నిర్ణయం తీసుకుంటే దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేయడం రెండో అలవాటు. ఈ రెండింటినీ ఆయన 1947లో విదేశాంగ శాఖకు వెంట తీసుకెళ్లారు. ఇక మీ రెండో ప్రశ్నకు సమాధానం ఆ మనిషి సైన్యంలో ఏం నేర్చుకున్నాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దాని గురించి చివర్లో చెబుతాను.

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో 24 ఏళ్లు పనిచేశాను. గోధుమపిండి, పప్పు, కిరోసిన్, పెట్రోలు సరిహద్దు పోస్టులకు చేర్చడం మా పని. చివరి కొన్నేళ్లు పదోన్నతి పరీక్షలకు వెళ్లే యువ అధికారులకు యుద్ధ చరిత్ర చెప్పాను. మార్షల్ అంటే నాకున్న గౌరవం అక్కడ పుట్టిందే. ఆయన జీవితాన్ని సరఫరా విభాగం మనిషి కళ్లతో చదివితే కొన్ని విషయాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

మార్షల్ 1880 డిసెంబరు 31న పెన్సిల్వేనియాలోని యూనియన్‌టౌన్‌లో పుట్టారు. అమెరికన్ జనరల్స్‌లో చాలామంది అక్కడి ప్రధాన సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ నుంచి వచ్చినవారైతే, ఆయన 1901లో వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు ముగించారు. 1902లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. బ్రిగేడియర్ జనరల్ కావడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 34 ఏళ్లు! నడుమ మొదటి ప్రపంచ యుద్ధంలో తాత్కాలికంగా కల్నల్ హోదా దక్కినా, యుద్ధం ముగిశాక మళ్లీ కిందికి దిగవలసి వచ్చింది. ఈ వివరం చెప్పగానే మా తరగతిలో యువ కెప్టెన్లు ఒక్కసారిగా నిటారుగా కూర్చునేవారు. పదోన్నతి కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆయన సేనను నడపలేదన్న మాట నిజమే. కానీ 1918 సెప్టెంబరులో ఏం చేశారో చూడండి. ఫ్రాన్స్‌లో సాన్ మియెల్ దగ్గర ఒక దాడి ఇంకా సాగుతుండగానే, మ్యూజ్-ఆర్గాన్ అనే మరో రంగానికి దాదాపు 6 లక్షల మందిని, వాళ్ల ఫిరంగులతో, గుర్రాలతో, మందుగుండుతో సహా తరలించాలి. ఉన్నవి మూడు రోడ్లు. చేతిలో ఉన్నది రమారమి రెండు వారాలు. శత్రువు కంట పడకుండా రాత్రిళ్లే కదలాలి. అప్పటికే అక్కడున్న ఫ్రెంచి దళాలు అవే రోడ్ల మీద వెనక్కి రావాలి. ఆ తరలింపు ప్రణాళికలో ప్రధాన బాధ్యత మార్షల్‌దే. సెప్టెంబరు 26న అనుకున్నట్టే దాడి మొదలైంది. ఒక కొండ రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చే రెండు కాన్వాయ్‌లను దాటించడానికే ఒక రాత్రంతా తల పట్టుకున్నవాణ్ణి నేను. నా దృష్టిలో ఆ పని ఏ యుద్ధ విజయానికీ తీసిపోదు.

ఇక నిజం చెప్పే అలవాటు సంగతి. 1917 అక్టోబరులో అమెరికన్ దళాల ప్రధాన సేనాని జనరల్ పెర్షింగ్ ఫ్రాన్స్‌లో ఒకటో డివిజన్‌ను తనిఖీ చేయడానికి వచ్చి, డివిజన్ కమాండర్‌ను అందరి ముందూ దులిపేశారు. అది అన్యాయమని మార్షల్‌కు అనిపించింది. వెళ్లిపోబోతున్న పెర్షింగ్ చేతి మీద చెయ్యి వేసి ఆపి, డివిజన్‌కు ఏమేమి అందలేదో, పై కార్యాలయం నుంచి ఏ ఆదేశాలు ఎంత ఆలస్యంగా వచ్చాయో గడగడా చెప్పేశారు. ఇక ఆయన ఉద్యోగం ఊడినట్టేనని తోటివాళ్లంతా అనుకున్నారు. పెర్షింగ్ మాత్రం ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఆయన్ని పక్కకు తీసుకెళ్లి అసలు సంగతి అడిగేవారు. 1919 నుంచి అయిదేళ్లపాటు తన వ్యక్తిగత సహాయాధికారిగా పెట్టుకున్నారు.

ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు ఒక బాధ గుర్తుకొస్తుంది. నేను కెప్టెన్‌గా లడఖ్‌లో ఒక సరఫరా డిపోలో ఉన్నాను. చలికాలం రాకముందే, కనుమలు మంచుతో మూసుకుపోకముందే పై పోస్టులకు ఆరు నెలల సరుకు చేర్చేయాలి. ఒక సమావేశంలో పై అధికారి ఒక పోస్టుకు కిరోసిన్ ఫలానా తేదీకల్లా చేరిపోతుందని ప్రకటించారు. నా దగ్గరున్న కాగితంలో లారీల లెక్క వేరుగా ఉంది. ఆ తేదీకి సగం జెర్రీక్యాన్లు కూడా పైకి చేరవు. నాకు తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను, నోరు విప్పలేదు. మంచు ముందే పడింది. ఆ పోస్టులోని జవాన్లు కొన్ని వారాలు బుఖారీని (గదిని వెచ్చబరిచే కిరోసిన్ పొయ్యి) రోజుకు కొన్ని గంటలు మాత్రమే వెలిగించుకున్నారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కానీ ఆ కాగితం మడత ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. పెర్షింగ్ చేతి మీద చెయ్యి వేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆ రోజు నుంచే నాకు తెలిసింది.

మార్షల్ అదే పని 1938 నవంబరులో శ్వేతసౌధంలోనూ చేశారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వేల సంఖ్యలో విమానాలు తయారుచేయించాలన్న ఆలోచన చెప్పారు. వాటిని నడిపేవారి శిక్షణ గురించి, నేల మీద పోరాడే సైన్యం గురించి ఆ పథకంలో తగిన ఏర్పాటు లేదు. గదిలో ఉన్నవారంతా తలూపారు. "ఏమంటావు జార్జ్?" అని రూజ్‌వెల్ట్ అడిగితే, క్షమించాలి, నేను దీనితో ఏమాత్రం ఏకీభవించను అన్నారు మార్షల్. మరుసటి ఏడాది ఆయనకన్నా సీనియర్లైన ఎంతోమందిని దాటించి రూజ్‌వెల్ట్ ఆయన్నే సైన్యానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా, అంటే సైన్యాధిపతిగా, ఎంచుకున్నారు. ప్రమాణ స్వీకారం చేసిన రోజు 1939 సెప్టెంబరు 1. హిట్లర్ సేనలు పోలండ్‌లోకి దూసుకెళ్లింది ఆ ఉదయమే.

అధ్యక్షుడితో ఆయన కావాలనే దూరం పాటించారు. తనను మొదటి పేరుతో పిలవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. రూజ్‌వెల్ట్ సొంత ఊరు హైడ్ పార్క్‌కు మొదటిసారి వెళ్లింది 1945లో, అధ్యక్షుడి అంత్యక్రియలకే. స్నేహం పెరిగితే కాదని చెప్పడం కష్టమవుతుందని ఆయనకు తెలుసు.

ఆయన పగ్గాలు చేపట్టేనాటికి అమెరికా సైన్యంలో 2 లక్షల మంది కూడా లేరు. యుద్ధం ముగిసేనాటికి వైమానిక దళంతో కలిపి 80 లక్షలు దాటారు. ఈ పెరుగుదల గాలిలో దీపంలా ఊగిసలాడిన రోజొకటి ఉంది. నిర్బంధ సైనిక సేవ గడువును పొడిగించే బిల్లు 1941 ఆగస్టు 12న ప్రతినిధుల సభలో 203-202తో, ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. అమెరికాను యుద్ధంలోకి లాగిన జపాన్ పెర్ల్ హార్బర్ దాడికి నాలుగు నెలల ముందు మాట ఇది. ఆ బిల్లు కోసం మార్షల్ కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యులకు ఓపికగా నచ్చజెప్పారు. సభ్యులు ఆయన మాట నమ్మడానికి కారణం ఒకటే. ఆయన తన కోసం ఏమీ అడగరని వాళ్లకు తెలుసు. ప్రజాప్రతినిధుల ముందు వినయంగా నిలబడి లెక్క చెప్పగలగడం రాజనీతిలో మొదటి పాఠం. ఆయన దాన్ని యూనిఫాంలో ఉండగానే నేర్చుకున్నారు.

మీరు అడిగిన 'సేనను నడపలేదు' అన్నదానికి అసలు కారణం 1943 డిసెంబరులో కైరోలో ఉంది. యూరప్‌పై దండయాత్రకు నాయకత్వం ఎవరిదన్నది తేలాలి. చరిత్రలో నిలిచిపోయే పదవి. అడిగితే ఇచ్చేవారే. ఏది కావాలో చెప్పమని రూజ్‌వెల్ట్ అడిగినా, నా ఇష్టాయిష్టాలతో పని లేదు, మీరు ఏది నిర్ణయిస్తే అది చేస్తాను అన్నారు మార్షల్. మీరు వాషింగ్టన్‌లో లేకపోతే నాకు నిద్ర పట్టదు అన్నారట రూజ్‌వెల్ట్. పదవి జనరల్ ఐసెన్‌హోవర్‌కు వెళ్లింది, ఆ కీర్తి తర్వాత ఆయన్ని అధ్యక్షుణ్ణి కూడా చేసింది. మార్షల్ వాషింగ్టన్‌లోనే ఉండిపోయారు. 1944 మే నెలలో ఆయన భార్య మొదటి వివాహపు కొడుకు, తాను సొంత బిడ్డలా చూసుకున్న అలెన్, ఇటలీ రంగంలో చనిపోయాడు. అప్పటికే మార్షల్ ప్రతి కొద్ది రోజులకూ మృతుల, క్షతగాత్రుల లెక్కను రంగులతో గీయించి రూజ్‌వెల్ట్ బల్ల మీదకు పంపించేవారు. అంకెలకు అలవాటు పడితే మనసు మొద్దుబారుతుందని ఆయన భయం.

ఇప్పుడు రాజనీతి దగ్గరకు వద్దాం. 1945 నవంబరులో పదవీ విరమణ చేసి వర్జీనియాలోని లీస్‌బర్గ్‌లో ఇంటికి చేరిన కొద్ది రోజులకే అధ్యక్షుడు ట్రూమన్ ఫోను చేశారు, చైనాకు వెళ్లమని. అక్కడి ప్రభుత్వాధినేత చియాంగ్ కై షేక్‌కూ కమ్యూనిస్టులకూ మధ్య రాజీ కుదర్చాలి. 1946 జనవరిలో కాల్పుల విరమణ కుదిరింది. ఏడాది తిరగకముందే అదంతా కూలిపోయింది. ఇది ఆయన వైఫల్యమే, దాచాల్సిన పని లేదు. ఇద్దరికీ గెలవాలనే ఉన్నప్పుడు మధ్యవర్తి నిజాయితీ ఒక్కటే సరిపోదు.

1947 జనవరిలో విదేశాంగ మంత్రి అయ్యారు. వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో దిగగానే, తాను ఎన్నడూ ఏ ఎన్నికకూ అభ్యర్థిని కానని విలేఖరులకు తేల్చి చెప్పారు. ఆ వసంతంలో జర్మనీ భవిష్యత్తుపై మాస్కోలో వారాల తరబడి జరిగిన చర్చలు తేలలేదు. యూరప్‌లో ఆ చలికాలం భయంకరంగా గడిచింది. బొగ్గు లేదు, తిండి లేదు, కొనడానికి డాలర్లు లేవు. తిరిగి వచ్చి రేడియోలో ఒక మాట అన్నారు: వైద్యులు చర్చించుకుంటుండగా రోగి క్షీణించిపోతున్నాడని.

జూన్ 5న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గౌరవ పట్టా తీసుకుంటూ, యూరప్ కోలుకోవడానికి అమెరికా సాయం చేయాలని చెప్పిన ప్రసంగం పట్టుమని పావుగంట కూడా లేదు. మా విధానం ఏ దేశానికీ, ఏ సిద్ధాంతానికీ వ్యతిరేకం కాదు, ఆకలికి, పేదరికానికి, నిరాశకు, అరాచకానికి వ్యతిరేకం అన్న వాక్యం అందరికీ తెలుసు. నా వంటివాణ్ణి ఆపేసేది ఆ తర్వాతి భాగం. యూరప్‌కు ఏం కావాలో అమెరికా తనంత తానుగా రాసి ఇవ్వడం తగదు, చొరవ యూరప్ నుంచే రావాలి అన్నారు.

సైన్యంలో పనిచేసినవారికి ఇది వెంటనే తెలిసిపోతుంది. అది ఇండెంట్ పద్ధతి. మా డిపో తనంత తానుగా పోస్టుకు సరుకు పంపదు. తనకు ఏది ఎంత కావాలో పోస్టే ఇండెంట్ రాయాలి. పైనుంచి ఊహించి పంపితే ఉప్పు గుట్టలుగా పడి ఉంటుంది, అగ్గిపెట్టె దొరకదు. ఇండెంట్ రాసినవాడికి ఆ సరుకు మీద బాధ్యత కూడా ఉంటుంది. మార్షల్ యూరప్ దేశాలను ఇండెంట్ రాయమన్నారు, అదీ విడివిడిగా కాకుండా కలిసి ఒకే ఇండెంట్. బ్రిటన్ విదేశాంగ మంత్రి బెవిన్ ఆ ప్రసంగం వార్త వినగానే కదిలారు. పారిస్‌లో 16 దేశాలు కూర్చుని పరస్పరం లెక్కలు చూసుకున్నాయి. కొన్నేళ్ల కిందట ఒకరినొకరు చంపుకున్నవాళ్లు పక్కవాడికి ఎంత బొగ్గు కావాలో బల్ల మీద పెట్టి మాట్లాడుకోవడం, నా దృష్టిలో, వచ్చిన డబ్బు కన్నా పెద్ద ఫలితం. సోవియట్ విదేశాంగ మంత్రి మోలటోవ్ పారిస్ దాకా వచ్చి వెళ్లిపోయారు. చెకోస్లొవాకియా ముందు ఒప్పుకుని, మాస్కో ఒత్తిడితో వెనక్కి తగ్గింది.

ఆ 16 దేశాలు మొదట వేసిన లెక్క 2,200 కోట్ల డాలర్లు. ట్రూమన్ కాంగ్రెస్‌ను 1,700 కోట్లు అడిగారు. చివరకు నాలుగేళ్లలో అందింది 1,300 కోట్ల చిల్లర. ఈ సాయానికి చేసిన చట్టంపై 1948 ఏప్రిల్ 3న సంతకం జరిగింది. దానికి మార్షల్ పేరు పెట్టాలని పట్టుబట్టింది ట్రూమనే. తన పేరు పెడితే ఎన్నికల ఏడాదిలో ప్రతిపక్షం చేతిలో ఉన్న కాంగ్రెస్ దాన్ని బతకనివ్వదని ఆయనకు తెలుసు.

పథకం పనిచేసిన తీరు కూడా తెలుసుకోవాలి. సాయంలో ఎక్కువ భాగం సరుకుల రూపంలో వెళ్లింది: గోధుమలు, బొగ్గు, పత్తి, యంత్రాలు. ఫ్రాన్స్‌లో ఒక రైతు అమెరికన్ ట్రాక్టరు కొంటే అతను చెల్లించేది ఫ్రాంకులే. ఆ ఫ్రాంకులు ఫ్రెంచి ప్రభుత్వం దగ్గర ఒక ప్రత్యేక ఖాతాలో చేరతాయి. వాటితో విద్యుత్ కేంద్రాలు, రైల్వేలు బాగుచేసుకుంటారు. అంటే ఒకే డాలరు రెండుసార్లు పనిచేస్తుంది.

అయితే ఒకటి గమనించండి. యూరప్‌ను మార్షల్ ప్రణాళికే నిలబెట్టింది అని రాసేస్తే అది అతిశయోక్తి. ఆ సాయం ఆయా దేశాల జాతీయాదాయంలో చిన్న భాగమే, ఉత్పత్తి అప్పటికే కోలుకోవడం మొదలైందని వాదించే ఆర్థిక చరిత్రకారులు ఉన్నారు. అమెరికా ఎగుమతులకు అది మార్కెట్ తెరిచిందన్నదీ నిజం. ఆసియావాళ్లుగా మనం మరొకటి మరచిపోకూడదు. సాయం అందుకున్న నెదర్లాండ్స్ అదే సమయంలో ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని సైన్యంతో అణచాలని చూసింది. 1949లో సాయం ఆపేస్తామన్న అమెరికా ఒత్తిడి డచ్చివారు తలవంచడానికి ఒక కారణమైంది. అది జరిగిందీ మార్షల్ పదవి వదిలాకే. అలాగే యుద్ధకాలంలో నల్లజాతి సైనికులను వేరు దళాల్లో ఉంచిన పద్ధతిని ఆయన కదిలించలేదు. ఆయన్ని ప్రేమించేవాడిగా ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే మళ్లీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నట్టే.

ఆయన స్వభావం నాకు బాగా కనిపించే సందర్భం, కొత్తగా ఏర్పడుతున్న ఇజ్రాయెల్‌ను అమెరికా దేశంగా గుర్తించాలా అన్న చర్చ. 1948 మే 12న శ్వేతసౌధంలో ఆయన దాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. మీరు ఈ సలహా పాటిస్తే, నేను ఓటు వేసేవాణ్ణయితే మీకు వ్యతిరేకంగా వేస్తాను అని ట్రూమన్‌తో ఎదురుగానే అన్నారు. రెండు రోజుల తర్వాత ట్రూమన్ గుర్తించారు. మార్షల్ రాజీనామా చేయలేదు, బయట ఒక్క మాట మాట్లాడలేదు. నిర్ణయం తీసుకునే అధికారం రాజ్యాంగం ఎవరికి ఇచ్చిందో వారిదేనని ఆయన నమ్మకం. మన చుట్టుపక్కల దేశాల్లో సైన్యాధిపతులు ఏకంగా ప్రభుత్వాలనే కూల్చి గద్దెనెక్కిన చరిత్రతో పోల్చి చూస్తే ఈ మౌనం విలువ తెలుస్తుంది.

1949 జనవరిలో అనారోగ్యంతో తప్పుకున్నారు. కొరియా యుద్ధం మొదలయ్యాక 1950 సెప్టెంబరులో ట్రూమన్ రక్షణ మంత్రిగా పిలిచారు. సైన్యం వదిలి పదేళ్లు కానివారు ఆ పదవికి అనర్హులని అప్పటి అమెరికా చట్టం. ఆయన కోసం కాంగ్రెస్ ప్రత్యేకంగా మినహాయింపు చట్టం చేసింది. 1951లో, కమ్యూనిస్టులంటూ ఎందరిమీదో ఆరోపణలు చేసిన సెనేటర్ మెకార్థీ ఆయన్ని దేశద్రోహ కుట్రలో భాగస్వామి అన్నంత పని చేశాడు. మార్షల్ జవాబివ్వలేదు. 1952 ఎన్నికల ప్రచారంలో ఐసెన్‌హోవర్, మెకార్థీ సొంత రాష్ట్రమైన విస్కాన్సిన్‌లో చేయాల్సిన ప్రసంగంలోంచి మార్షల్‌ను సమర్థించే పేరాను తీసేశారు. ఐసెన్‌హోవర్‌ను పైకి తెచ్చింది మార్షలే. ఇద్దరూ సైనికులే, ఇద్దరూ రాజకీయ పదవుల్లోకి వచ్చినవారే. ఓట్లు అవసరమైన సైనికుడికీ, అవసరం లేని సైనికుడికీ తేడా ఆ పేరాలో ఉంది.

1953 డిసెంబరులో ఓస్లోలో శాంతి బహుమతి ఇస్తుండగా పై వరుసల నుంచి నిరసనకారులు కరపత్రాలు విసిరారు. మీకు వచ్చిన సందేహమే వాళ్లదీ. మర్నాడు ప్రసంగంలో మార్షల్ దానికి సమాధానం చెప్పారు. అప్పటికి ఆయన విదేశాల్లోని అమెరికన్ సైనిక సమాధులను చూసుకునే సంఘానికి అధ్యక్షులు. యుద్ధానికి అయిన ఖర్చు, సమాధి రాళ్ల వరుసలుగా, ఎన్నో ఖాతా పుస్తకాల్లో పొందికగా రాసి నిత్యం నా కళ్ల ముందు ఉంటుంది అన్నారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన పశ్చిమ గోదావరి జిల్లా మిలటరీ మాధవరం గుర్తుకొస్తుంది నాకు ఆ వాక్యం చదివినప్పుడు. మన ఇళ్లలోనూ ఆ ఖాతా పుస్తకాలు ఉన్నాయి.

ఇక మీ రెండో ప్రశ్న. మన మొదటి భారతీయ సైన్యాధిపతి కరియప్ప గొప్ప సైనికుడు. 1971లో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. మేజర్‌గా ఉండగానే సైన్యం వదిలిన జస్వంత్ సింగ్ విదేశాంగ, ఆర్థిక శాఖలు రెండూ చూశారు. 1998 అణుపరీక్షల తర్వాత అమెరికాతో ఓపికగా చర్చలు నడిపింది ఆయనే. అంటే భుజం మీది నక్షత్రాలు కొలమానం కావు. సైన్యం నుంచి వచ్చిన ఒక అభ్యర్థి గురించి మీరు నిర్ణయించుకోవాల్సి వస్తే, ఆయన ఎన్ని యుద్ధాలు చూశారన్నది కాకుండా, పై అధికారికి ఎప్పుడు కాదని చెప్పారో, మాట నెగ్గనప్పుడు ఎలా ప్రవర్తించారో, కింది సిపాయికి అందాల్సినది అందిందా అని ఎంత పట్టించుకున్నారో ఆయన దగ్గర పనిచేసిన హవల్దార్లను అడగండి. వాళ్లకు తెలుస్తుంది.

వీలైతే హార్వర్డ్ ప్రసంగం, ఓస్లో ప్రసంగం ఒకే రోజు చదవండి, ఓస్లోది ముందు. మార్షల్ 1959 అక్టోబరు 16న చనిపోయారు. ప్రభుత్వ లాంఛనాల ఆర్భాటం వద్దని ముందే రాసి పెట్టారు, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో నిరాడంబరంగా సమాధి చేశారు. ఆత్మకథ రాస్తే పెద్ద మొత్తం ఇస్తామని ప్రచురణకర్తలు వెంటపడినా ఆయన రాయలేదు. అందుకే ఆయన గొంతు వినాలంటే ఆ రెండు ప్రసంగాల దగ్గరే మొదలుపెట్టాలి. చదివాక ఎక్కడైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, తెలిసినంత వరకు చెబుతాను.